మృత్తికలలో ఫాస్ఫేటు గ్రహణము: కాలోష్ణోగ్రతల ప్రభావము

వరిమడిలోనో, మొక్కజొన్న చేలోనో వేసిన ఎరువునందలి భాస్వరము నీట కరగి ఫాస్ఫేటు అయానుగా మారిన క్షణమునుండి దానికొరకు ఇరువురు కాచుకొని యుందురు: ఒకటి పైరు వేరు, రెండవది మట్టిరేణువు. వేరు ఎచటనో యుండును. మట్టిరేణువు ప్రక్కనే యుండును. కనుక తొలిగెలుపు చాలవరకు మట్టిదే యగును. కరగిన ఫాస్ఫేటు మట్టిరేణువుల ఉపరితలమున అంటుకొనుటయు, అంటుకొన్నది మెల్లమెల్లగా వాని గర్భములోనికి చొచ్చుకొనిపోవుటయు కలిపి ఫాస్ఫేటు గ్రహణమని శాస్త్రమున వ్యవహరింపబడుచున్నది. వ్యవసాయ గ్రంథములలో దీనికి 'స్థిరీకరణము' అను పేరు రూఢియైనది గాని, ఆ మాట వినినవారికి భాస్వరమంతయు ఒక్కసారిగా, తిరిగి రానట్లు, రాయివలె బిగిసిపోయినదను భావము కలుగును. నిజమునకు ఇది గడియలలో ఆరంభమై సంవత్సరముల తరబడి సాగు వ్యవహారము. ఎంత సాగినది, ఎంత వేగముగా సాగినది యను ప్రశ్నలకు ఉత్తరము ముఖ్యముగా రెంటిపై ఆధారపడియుండును: గడచిన కాలము, నేలలోని వేడిమి. మట్టిపరీక్ష పత్రములో భాస్వరమునకు ఒక్క అంకె మాత్రమే యుండుటచే ఈ రెండును మన ఆలోచనలోనికి రాకుండ పోవుచున్నవి. ఆ లోపము ఉత్తరాంధ్రపు ఎర్రనేలలలో రైతునకు ఖరీదైనది.

ఇచట ఉత్తరాంధ్రమనగా పాత ఎల్లలతో కూడిన శ్రీకాకుళ విజయనగర జిల్లాల సీమయని గ్రహింపవలెను. 1950 ఆగస్టు 15న ఏర్పడిన శ్రీకాకుళము జిల్లా నుండియు, 1979 జూన్ 1న ఏర్పడిన విజయనగరము జిల్లా నుండియు కొండప్రాంతములు విడివడి, 2022 ఏప్రిల్ 4న పార్వతీపురము మన్యము జిల్లాగా ఏర్పడినవి. నేలల చర్చలో కొండను, దానినుండి జారిన మన్నుతో ఏర్పడిన పల్లమును వేరుచేయుట తగదు.

నేలలు

ఈ సీమకు పడమట గోడవలె నిలిచిన తూర్పుకనుమలలో విరివిగా కానవచ్చు శిలకు, 1902లో టి. ఎల్. వాకర్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు, ఆ కొండలలో నివసించు ఖోందుల పేరిట 'ఖొండలైటు' అని నామకరణము చేసెను. గార్నెట్టు, సిలిమనైటు మొదలగు ఖనిజములతో కూడిన ఈ శిల యుగయుగముల ఎండవానలకు శిథిలమైనపుడు, నీట కరగు సున్నము, పొటాషు, సిలికా భాగములు కొట్టుకొనిపోయి, కరగని ఇనుము, అల్యూమినియములు ఆక్సైడుల రూపమున మిగిలిపోవును. అనంతగిరి, అరకు వైపు కొండకొమ్ములమీద ఈ శిథిలక్రియ పరాకాష్ఠ నందగా బాక్సైటు ఏర్పడెను. దిగువ గరువులలో అది అంత దూరము పోక ఎర్రగరప నేలగా నిలిచెను. ఆ నేలకు ఎరుపునిచ్చునది హెమటైటు, పసుపు వన్నె నిచ్చునది గోథైటు. బంకమన్ను భాగము ముఖ్యముగా కేయోలినైటు. ఈ ఇనుప అల్యూమినియపు ఆక్సైడులే ఫాస్ఫేటును పట్టు చేతులు. అయితే నేల ఎంత ఎర్రగా నుండిన అంత గట్టిగా భాస్వరమును పట్టునని తలపరాదు. రంగు రేణువు పరిమాణమును చెప్పదు. సన్నని గోథైటు రేణువులు గల పసుపుమన్ను, ముతక హెమటైటు గల ఎర్రమన్ను కంటె అధికముగా పట్టగలదు.

ఈ ప్రాంతపు రాళ్లలో భాస్వరము లేకపోలేదు. చీపురుపల్లి, గరివిడి, గర్భాము ప్రాంతముల మాంగనీసు ఖనిజము భాస్వరము హెచ్చుగా గలదిగా ప్రసిద్ధము. ఉక్కు చేయువారికి అది దోషము. భారతదేశమున మాంగనీసు త్రవ్వకము 1892లో ఈ సీమయందే మొదలయ్యెను. అచటి కోడూరు గ్రామము పేరిట ఎల్. ఎల్. ఫెర్మర్ 'కోడురైటు' అని పిలిచిన శిలలో ఫెల్డ్‌స్పారు, ఒక జాతి గార్నెట్టులతోబాటు అపటైటు అను కాల్షియపు ఫాస్ఫేటు ఒక ముఖ్య ఘటకము. రాతిలో ఇంత భాస్వరముండియు చుట్టుపట్ల గరువులలో చోడిచేను భాస్వరమునకు మొగము వాచియుండుట వింతగా తోచును గాని, అపటైటు కరగుట మిక్కిలి మందము, కరగినదానిని ఎర్రమన్ను పట్టుట మిక్కిలి శీఘ్రము.

సీమ యంతయు ఒకే తీరుగా లేదు. సీతంపేట, కురుపాము, గుమ్మలక్ష్మీపురము కొండవాలులలో సవరలు, జాతాపులు పోడు చేయు నేలలు ఆమ్లగుణము కలిగి, భాస్వరమును బలముగా పట్టును. నాగావళి, వంశధార, చంపావతి లోయలలో ఒండ్రు కలిసిన పల్లపుమడులు కలవు. చెరువుల క్రింద అచ్చటచ్చట కానవచ్చు నల్లరేగడిలో భాస్వరమును పట్టునది ఇనుము కంటె అధికముగా సున్నము. ఇక సముద్రతీరమున ఉద్దానపు కొబ్బరితోటల ఇసుకనేలలో పట్టుటకు బంకమన్నే కొరత. అచట భాస్వరము బిగిసిపోవుట కంటె వానకు దిగిపోవుటయే చింత. ఈ వ్యాసమున చెప్పబడునది ప్రధానముగా ఎర్రగరువులకును, ఈ మొదటి రెండు తెగల నేలలకును వర్తించును.

పరిమాణము కొంత తెలిసిన గాని విషయపు గౌరవము తెలియదు. ఎకరము నేలలో పైజానెడు మన్ను సుమారు 8 లక్షల కిలోలుండును. యాభై కిలోల డి.ఎ.పి. బస్తాలో భాస్వరము, బస్తాపై వ్రాయు పెంటాక్సైడు లెక్కలో 23 కిలోలు, అసలు మూలకపు లెక్కలో 10 కిలోలు. అనగా ఎకరమునకు బస్తా చొప్పున చల్లినచో కిలో మన్నునకు 12 మిల్లీగ్రాములు మాత్రమే వచ్చును. మట్టినీటిలో కరగియుండు భాస్వరము ఇంకను స్వల్పము. లీటరునకు మిల్లీగ్రాములో పదవవంతు ఉన్నను మంచినేలయే. ఆ లెక్కన ఎకరము మడిలోని పదునునీటిలో ఒకానొక దినమున దొరకు భాస్వరము పన్నెండు గ్రాములకు మించదు. ఎకరమునకు రెండు టన్నుల ధాన్యము పండు వరి ఆరు కిలోల దాపున భాస్వరమును తీసికొనును. కనుక పంటకాలమున ఆ పన్నెండు గ్రాములు ఖర్చై, మన్నునుండి తిరిగి ఊరి, మరల ఖర్చై, ఇట్లు అయిదువందల పర్యాయములు నిండవలెను. చెలమలో నీరు ఊరినట్లు మన్ను భాస్వరమును ఊరింపవలెను. ఊరు వేగమును నిర్ణయించునది మన్ను పట్టు. పైగా ఫాస్ఫేటు అయాను మట్టిలో విసరణచే పంటకాలమంతయు నడచినను కొన్ని మిల్లీమీటర్లకు మించి పోజాలదు.

కాలము

ఇంగ్లండులో లాస్ సూపర్‌ఫాస్ఫేటు తయారీకి 1842లో పేటెంటు పొందిన ఎనిమిదేండ్లకు, 1850లో, జె. టి. వే అను రసాయనజ్ఞుడు ఎరువుల ద్రావణములను మట్టిగుండ పోసి, క్రింద దిగిన నీటిలో కొన్ని పదార్థములు మిగులకుండుట గమనించెను. ఫాస్ఫేటు అట్లు మాయమగువానిలో ఒకటి. ఆనాటినుండి సుమారు నూరేండ్లు శాస్త్రజ్ఞులు ప్రధానముగా 'ఎంత పట్టును' అనియే అడిగిరి. ఫ్రాయండ్లిక్, లాంగ్మ్యూర్‌ల సమీకరణములు ఆ ప్రశ్నకు చక్కని ఉత్తరములు. ఒక దినము కలిపి, వడగట్టి, మిగిలినది కొలిచి, వక్రరేఖ గీయుట పరిపాటి యయ్యెను. ఒక దినమునకు బదులు పదిదినములు ఉంచినచో రేఖ వేరుచోటికి జరుగుననుట మాత్రము చాలకాలము చికాకుగా భావింపబడెనే గాని, అదే అసలు విషయమని గుర్తింపబడలేదు.

గ్రహణమునకు రెండు దశలు కలవు. మొదటిది నిమిషములనుండి గంటలలో ముగియును. ఆక్సైడు రేణువు ఉపరితలమున ఇనుపపరమాణువును అంటియున్న హైడ్రాక్సిలును త్రోసి ఫాస్ఫేటు ఆ స్థానమును ఆక్రమించును. ఇది కేవలము విద్యుదాకర్షణ కాదు, రసాయన బంధము. రెండవ దశ మందగతి. ఉపరితలమున నిలిచిన ఫాస్ఫేటు రేణువులోని సన్నని రంధ్రములలోనికిని, స్ఫటిక లోపములగుండ ఘనభాగములోనికిని ఈడ్వబడును. ఉపరితలము కొంత ఖాళీయై ద్రావణమునుండి మరికొంత ఫాస్ఫేటు వచ్చి చేరును. ఈ రెండవ దశకు చివర యని చెప్పదగిన దినము లేదు. దాని నడక సరళరేఖవలె గాక, సుమారు సంవర్గమానరీతిని సాగును: మొదటి దినమునుండి పదవ దినమువరకు ఎంత మార్పు వచ్చునో, పదవ దినమునుండి నూరవ దినమువరకు దాదాపు అంతే వచ్చును. వేసిన మొదటివారమున కలుగు నష్టము ఎంత తీవ్రమో, మూడవ ఏట కలుగు నష్టము ఎంత నెమ్మదియో ఈ ఒక్క వాక్యమువలన తెలియగలదు.

ఇందు రైతునకు ఆశాజనకమైన అంశము కూడ కలదు. లోపలికి పోయినది బయటికి రాదని నియమము లేదు. వేరు ద్రావణమును తోడివేయగా ఉపరితలము వదలును, ఉపరితలము ఖాళీకాగా గర్భమునుండి మెల్లగా ఊరును. లోపలికి పోవుటకు పట్టిన కాలము కంటె వెలుపలికి వచ్చుటకు పట్టు కాలము సామాన్యముగా అధికము. వేసిన ఏడు పంట తీసికొనునది ఎరువులోని భాస్వరములో అయిదవవంతో, అంతకు తక్కువయో యని చెప్పుదురు. అంతమాత్రమున తక్కిన నాలుగు వంతులు వృథాయైనవని లెక్క వేయుట పొరబాటు. అవి మన్నునకు ఇచ్చిన అప్పు. ఏటేట వేయగా మన్ను పట్టుచోట్లు కొంతకొంత నిండి, తరువాత వేసిన ఎరువు ద్రావణములో అధికభాగము నిలుచును. దశాబ్దములుగా భాస్వరపు టెరువు తినిన పల్లపుమడికిని, ఎన్నడును తినని కొండవాలు పోడునకును ఒకే మోతాదును విధించుట ఈ కారణముచేతనే తగనిది.

మట్టిలో భాస్వరము ఎంతకాలము నిలుచునో మన పెద్దలు అనుభవమున ఎరుగుదురు. పూర్వము ఊరుండి పాడైన దిబ్బలనుండి పాటిమన్ను త్రవ్వి బండ్లతో పొలమునకు తోలుట తెలుగునాట పాత అలవాటు. బూడిద, ఎముకలు, పెంట, తిండిగింజల చెత్త శతాబ్దములు కుళ్లిన ఆ మన్నులో నత్రజని ఎప్పుడో పోయినను భాస్వరము మిగిలియుండును. స్వీడనులో ఓలోఫ్ ఆర్హీనియస్ అను శాస్త్రజ్ఞుడు 1930 ప్రాంతమున పొలముల మన్నులోని ఫాస్ఫేటును కొలిచి పటములు గీయగా, హెచ్చుగా నున్నచోట్ల ప్రాచీన జనావాసములుండినట్లు బయల్పడెను. పురావస్తుశాఖలకు నేడది ఒక పనిముట్టు. మన్ను పట్టు ఎంత దీర్ఘమైనదో చెప్పుటకు ఇంతకు మించిన సాక్ష్యము నా కెరుకలో లేదు.

ఉష్ణోగ్రత

ఆ ఓలోఫ్ తండ్రియే స్వాంటె ఆర్హీనియస్. వేడిమి పెరిగినకొలది రసాయనక్రియల వేగము ఏ నియమమున పెరుగునో 1889లో సూత్రీకరించినవాడు. తండ్రి సూత్రమునకును, కుమారుడు కొలిచిన మన్నునకును ముడివేసినవారిలో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు ఎన్. జె. బారో ముఖ్యుడు. బారో, షా అను నిరువురు 1975లో ప్రకటించిన పరిశోధనలలో ఫాస్ఫేటు కలిపిన తడిమన్నును వేర్వేరు ఉష్ణోగ్రతలయందు వేర్వేరు కాలముల పాటు నిలువయుంచి, ద్రావణములో మిగిలిన గాఢతను కొలిచి, అధికోష్ణోగ్రత కాలమును కుదించుచున్నదని నిరూపించిరి. మందదశకు కావలసిన ఉత్తేజనశక్తి మోలునకు సుమారు 80 కిలోజౌళ్లని తీసికొన్నచో, 25 డిగ్రీలనుండి 35 డిగ్రీలకు పెరుగునప్పటికి వేగము దాదాపు మూడింతలగును. 60 డిగ్రీలవద్ద ఒక దినము ఉంచిన మన్ను, 25 డిగ్రీలవద్ద ఒక నెల ఉంచినదానితో సమానమగును. పరిశోధకునకు ఇది వరమే: పొలములో ఏండ్లు పట్టు మార్పును ఉష్ణపేటికలో వారములలో చూడవచ్చును.

ఇదే లెక్కను మన నేలకు అన్వయించి చూతము. ఎరువుల శాస్త్రమునకు పుట్టినిల్లువంటి ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ క్షేత్రమున సాలు సగటు ఉష్ణోగ్రత 10 డిగ్రీల దాపున. మన కళింగతీరమున 27 డిగ్రీల దాపున. ఒకే మన్ను రెండుచోట్లను ఉన్నదనుకొన్నచో, ఇచట మందదశ ఏడింతల వేగమున నడచును. అచట ఏడేండ్లలో జరుగునది ఇచట ఏడాదిలో జరుగును. చలిదేశపు పుస్తకములలోని 'అవశేషభాస్వరపు విలువ' పట్టికలను మన ఎర్రగరువులకు యథాతథముగా దించుకొనుట ఎంత ప్రమాదమో దీనివలన తేటపడును. ఐతే ఈ లెక్క ఒక షరతునకు లోబడినది: మన్ను తడిగా నుండవలెను. మే నెలలో గరువు పైపొర కాలు పెట్టలేనంత కాలినను, పొడిమన్నులో నీటిపొర తెగియుండుటచే అయాను కదలదు. ఎరువుగుళిక కరగనే కరగదు. వేడిమియు తడియు కలిసిన కాలమే మన్ను పట్టునకు అనుకూలమైన కాలము. అది మనకు మృగశిర కార్తెతో మొదలై ఆశ్వయుజము దాటువరకు నడచును. సాలుకు సుమారు 1100 మిల్లీమీటర్లు కురియు వానలో అధికభాగము పడునది ఈ నెలలలోనే. పైరు నాటునదియు ఈ నెలలలోనే.

ఉష్ణోగ్రత ప్రభావము ఏకముఖము కాదు. వేడిమి పెరిగినచో మందదశ వేగమగుట ఒకటి. మన్నునుండి ఫాస్ఫేటు విడివడి వచ్చుట కూడ వేగమగుట రెండవది. శీఘ్రదశలోని సమతాస్థితి జరిగి, కొలిచిన ఆ క్షణమున ద్రావణములో ఫాస్ఫేటు కొంత హెచ్చుగా కనబడుట మూడవది. 1979లో బారో ఈ ప్రభావములను విడదీసి చూపెను. ఇవి ఒకదానికొకటి ఎదురు పోవునవి గనుక, కొద్ది గంటలు మాత్రమే నడిపిన ప్రయోగములలో ఒకరికి వేడిమివలన గ్రహణము పెరిగినట్లును, మరొకరికి తరిగినట్లును ఫలితములు వచ్చినవి. వారిలో నెవరును తప్పు కొలువలేదు; కాలమును పట్టించుకొనలేదు. ఉష్ణోగ్రతను గురించి ప్రశ్నించువాడు ముందుగా 'ఎంతకాలము తరువాత' యని అడిగితీరవలెను.

పైరు పక్షమున చూచినచో వేడిమి మిత్రము, చలి శత్రువు. వరి కోసిన మడిలో కార్తిక మార్గశిరములలో విత్తిన మొక్కజొన్న, చలిరాత్రులలో లేతదశయందు ఆకుల అంచులు ఊదారంగునకు తిరుగుట పార్వతీపురము దిక్కున రైతు లెరిగిన విషయమే. నేల చల్లబడినపుడు అయాను విసరణము మందగించును, వేరు పెరుగుదల అంతకంటె మందగించును. మన్నులో ఉన్న భాస్వరము సైతము మొక్కకు చేరదు. ఎండ పడి నేల వేడెక్కగా పలుమారు అదే సర్దుకొనును.

నీరు నిలిచిన మడి

ఇంతవరకు చెప్పినది గాలి యాడు మన్ను మాట. పల్లపుమడిలో కథ మారును, ఈ సీమకు సంబంధించినంతవరకు ఇదియే అన్నింటికంటె ముఖ్యమైన ఘట్టము.

ఉభాలు వేసిన మూడు నాలుగు వారములకు మడిలోనుండి ఒక వరిదుబ్బును పెరికి, వేళ్లను కాలువనీట కడిగి చూడుడు. కొత్త వేళ్లు తెల్లగా నుండును. పాత వేళ్లు తుప్పుపట్టిన తీగలవలె ఎర్రగోధుమ రంగున నుండును. దమ్ము చేసి నీరు నిలిపిన మడిలో ప్రాణవాయువు కొలది దినములలో తరిగిపోగా, సూక్ష్మజీవులు ఊపిరికై ఇనుప ఆక్సైడులను ఆశ్రయించును. నీట కరగని ఫెర్రిక్ ఇనుము కరగునట్టి ఫెర్రస్ ఇనుముగా మారును. ఇనుము కరగినపుడు దానిని అంటియున్న ఫాస్ఫేటు విడుదలగును. వరివేరు తనగుండ దింపుకొన్న గాలి ఆ ఫెర్రస్ ఇనుమును వేరుచుట్టును మరల తుప్పుగా మార్చును. మనము చూచిన ఎర్రపూత అదియే. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థయందు పనిచేసిన సింహళ శాస్త్రజ్ఞుడు పొన్నంపెరుమ 1972లో వెలువరించిన బృహద్వ్యాసము ఈ రసాయనమునంతటిని క్రోడీకరించెను. మెట్టపంటకు భాస్వరము చాలని నేలలోనే వరి నిండుగా పండుటకు కారణమిదియే.

ఈ క్షయకరణమును నడుపునది జీవులు గనుక ఉష్ణోగ్రత దీనిని కూడ శాసించును. ఆషాఢ శ్రావణముల వెచ్చని బురదలో రెండువారములలో జరుగునది, చల్లని బురదలో ఇంకను జాగుచేయును. వానకాలపు వరి, మడి నీరు పట్టి కొంతకాలమైన తరువాత నాటినదైనచో, ఎరువు లేకయే కొంత భాస్వరమును పొందును.

ఆపద నీరు తీసినపుడు వచ్చును. కోతకు ముందు మడి ఆరగా, కరగియున్న ఇనుము గాలి తగిలి మరల ఆక్సైడుగా పేరుకొనును. ఇట్లు అప్పుడే పుట్టిన ఆక్సైడు స్ఫటికరూపము పొందనిది, మిక్కిలి సన్ననిది, ఉపరితలవైశాల్యము అపారము. తాను విడిచిన ఫాస్ఫేటును మరల పట్టుటయే గాక, దొరికినదానినెల్ల పట్టును. సరిగా ఆ సమయముననే, కోతకు రెండు మూడు దినముల ముందు, మన రైతు పెసర, మినుము గింజలను నిలిచియున్న వరిలో చల్లును. కాదేని కోసిన వెంటనే దున్నకయే మొక్కజొన్న పెట్టును. వరి చేలో చాలిన భాస్వరము దాని వెనుకటి పైరునకు చాలకుండుట రైతు నిర్లక్ష్యమువలన గాదు. ఆ కొత్త ఆక్సైడు మాసములకొలది ముదిరి, స్ఫటికముగా బిగిసి, పట్టుచోట్లు తరుగువరకు ఆ బిర్రు ఉండును. కనుక వరికి ఎరువు మానినను మానవచ్చును గాని, వెనుకటి మొక్కజొన్నకు భాస్వరము మానరాదని నా అభిప్రాయము. మినుము, పెసరలకు నూటికి రెండుపాళ్ల డి.ఎ.పి. ద్రావణమును ఆకులపై పిచికారి చేయుట ఆచారములోనున్నది. మన్ను ప్రమేయము లేకుండ పైరునకు ముద్దయందించు ఉపాయమది.

పొలములో

సూపర్‌ఫాస్ఫేటు గుళిక యొకటి తడిమన్నులో పడినపుడు జరుగునది కనులార చూడదగినది. గుళిక తన చుట్టునున్న తేమను పీల్చుకొనును. దానినుండి వెలువడు ద్రావణము పి.హెచ్. ఒకటిన్నర దాపుననుండు ఘాటైన ఆమ్లము. అది మట్టిరేణువుల ఇనుమును, అల్యూమినియమును కరగించి, కొంత దూరము పోయి, వానితోనే కలిసి పేరుకొనును. వారము తరువాత మన్ను విదిపి చూచినచో గుళిక పెంకు ఉన్నచోటనే ఉండును, లోపలి భాస్వరము మాత్రము చుట్టును వ్రేలి మందము మన్నులో నిలిచియుండును. డి.ఎ.పి. ద్రావణము ఇందుకు భిన్నముగా కొంత క్షారగుణము కలది. రెంటిలోను గమనింపవలసిన దొక్కటే: ఎంత ఎక్కువ మన్ను ఎరువును తాకునో అంత ఎక్కువ పట్టు పడును. చేనంతట వెదజల్లిన బస్తాకంటె, విత్తనమునకు రెండంగుళముల దూరమున చాలులో వేసిన అరబస్తా మెట్టపైరునకు మేలగుట ఈ కారణముచేతనే. తాకిన కొద్దిపాటి మన్నులో పట్టుచోట్లు నిండిపోయి, మిగిలినది వేరునకు దక్కును.

కాలమునకు సంబంధించిన జాగ్రత్త ఒకటి కలదు. తొలకరికి ముందుగా, 'పని తీరును' అని, దున్నిన తడిమెట్టలో భాస్వరము చల్లి, విత్తుటకు నెలరోజులు ఆగుట ఎర్రగరప నేలలో తగదు. ఆ నెల వేడియు తడియు కలిసిన నెల. వరికి భాస్వరమునంతటిని ఆఖరి దమ్ములో వేయుమని వ్యవసాయశాఖవారు చెప్పుచున్న పద్ధతి ఈ దృష్టితో చూచినను యుక్తమైనదే.

గత్తము వేసిన మన్ను పట్టు సడలును. కుళ్లు పదార్థమునుండి వచ్చు సేంద్రియామ్లములు ఫాస్ఫేటు ఆశించు చోట్లనే తాము ఆక్రమించును; జనుము, జీలుగ వంటి పచ్చిరొట్టయు కొంతవరకు ఇదే పనిచేయును. చెరువుమన్ను విషయమున నాకు కొంత సంకోచము కలదు. గరువులనుండి ఎర్రనీటితో కొట్టుకొనిపోయిన భాస్వరమును వేసవిలో తిరిగి గరువునకు తెచ్చుట న్యాయమైన పనియే. కాని ఆ మన్నుతో భాస్వరమును పట్టు సన్నని బంకయు వచ్చును. చెరువుమన్ను తోలిన తొలియేట గత్తముతో కలిపి వాడుట మంచిది.

1967నుండి విశాఖపట్టణమున భాస్వరపు సంయుక్త ఎరువులు తయారగుచున్నను, వానికి ముడిసరకైన ఫాస్ఫేటు శిలకు మనదేశము అధికముగా పరదేశములపై ఆధారపడియున్నది. ఓడలమీద వచ్చిన ఆ శిలలోని ప్రతి కిలో భాస్వరము ఏ మన్నులో ఎంతకాలము వేరునకు అందునో తెలిసికొనుట విద్యార్థుల పరీక్షకొరకు మాత్రమే కాదు. రాగోలు, విజయనగరము, ఆమదాలవలస పరిశోధనస్థానములును, నైరా వ్యవసాయ కళాశాలయు ఈ సీమలోనే ఉన్నవి. 1913లో నెలకొన్న అనకాపల్లి స్థానము చేరువనున్నది. కొండవాలు, గరువు, పల్లము, రేగడి, ఇసుక అను అయిదు మన్నులను 20, 30, 40 డిగ్రీలయందు తడిగాను, నీటమునిగియు ఏడాదిపాటు ఉంచి, నెలనెల కొలిచి, ఆ ఫలితములను రైతుభాషలో అచ్చువేయించుట ఈ సంస్థలు చేపట్టదగిన పని. దానికి ఖరీదైన యంత్రములు అక్కరలేదు, ఓపిక కావలెను.

మట్టిపరీక్షకు నమూనా తీయు రైతు గమనింపవలసినవి కొన్ని కలవు. ఎరువు వేసిన నెలలోపల తీసిన మన్ను సరియైన అంకె నీయదు. పంట కోసిన తరువాత, తిరిగి ఎరువు వేయకముందు తీయవలెను. మడినమూనా ఆరిన మన్నునే సూచించును. నీరు నిలిచినపుడు వరికి అందు భాస్వరము అంతకంటె హెచ్చుగా నుండును. తీసిన మన్నును ఎండలో గాని, పొయ్యిప్రక్కన గాని ఆరబెట్టక, నీడపట్టున పలుచగా పరచి ఆరబెట్టి, గుడ్డసంచిలో కట్టి, ఏ దినమున తీసినది, దానికి ముందు ఏ పైరు ఉండినది, కడపట భాస్వరము ఎప్పుడు వేసినది చీటిపై వ్రాసి పంపవలెను.